వకుళ గోడ

నాకు ఒక సవతి ఉంది. పేరు వకుళ. నేను ఈ ఇంటికి వచ్చేసరికే ఆమె పోయి చాలా కాలమైంది. బతికున్న సవతైతే సగం గొడవ ఎప్పుడో తీరిపోయేది. ఆమెకూ వయసు మీద పడేది, నడుం నొప్పి వచ్చేది, ఏదో ఒక పూట కూరలో ఉప్పెక్కువయ్యేది, మా ఆయన ఆమె మీదా విసుక్కునేవారు. పోయినావిడకు ఈ ముచ్చట్లేవీ ఉండవు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా ఇంట్లో వకుళ కళ్ళు రోజురోజుకూ పెద్దవవుతూనే ఉండేవి.

భీమిలిలో సముద్రానికి కాస్త ఎడంగా మా ఇల్లు. వీధివైపు ముంగిలి, దానిమీద మల్లె పందిరి, ముంగిట్లోకి కిటికీ ఉన్న ఒక గది. ఆ గదికి తాళం. పెళ్ళైన కొత్తలో తాళంచెవి అడిగాను. ఆయన ఇచ్చారు కూడా. ఇస్తూ, "లోపల దీపం వెయ్యకు ప్రమీలా, కిటికీ తెరవకు" అన్నారు. దీపం వెయ్యకుండా, కిటికీ తెరవకుండా చూసేదేముంటుంది? తాళంచెవి తిరిగి మేకుకు తగిలించేశాను.

ఆ గదిలో ఏముందో అందరికీ తెలుసు. వకుళ గోడ ఉంది. ఆమె బొమ్మలు వేసేది. అందులోనూ అందరూ వేసేవి కాదు, గ్రీకులూ రోమన్లూ పాతాళ లోకాన్ని ఎలా చిత్రించారో అదే ఆమె చదువు, అదే ఆమె పిచ్చి. వాళ్ళ పద్ధతిలోనే తడి సున్నం మీద రంగులు అద్ది, ఆ గదిలో తనదంటూ ఒక పాతాళం వేస్తూ, ఒక తెల్లవారుజామున బ్రష్షు చేతిలో ఉండగానే కూలిపోయింది. తలలో ఏదో నరం చిట్లిందట. అంతకు ముందు ఒంట్లో బాగాలేదన్న మాటే లేదు.

ఆ రోజు గురించి మా కామేశ్వరి వదిన, అంటే ఆయన అక్కగారు, వచ్చినప్పుడల్లా చెప్పేది. "బొంబాయి నుంచి వాళ్ళన్నయ్య రావాలని సాయంత్రం దాకా ఉంచాం అమ్మా. మా తమ్ముడు పొద్దున్న కూచున్నవాడు కూచున్నట్టే ఉన్నాడు. మంచినీళ్ళు ముట్టలేదు, కదల్లేదు." వదినకు ఆ మాటలో కల్మషం లేదు. నాకు మాత్రం కారం రాసినట్టుండేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఈయన మంచం పక్కన ఒక పేపరు చదివేంతసేపు కూర్చుని లేచిపోయారు.

కుళ్ళుకోవడానికైనా చదువు కావాలని నా నమ్మకం. ఆమె పుస్తకాలన్నీ తీసి చదివాను. ఆమె ప్రేమించిన పాతాళం ఎలాంటిదో తెలిస్తే ఆమెలో లోటు ఎక్కడో దొరక్కపోదనుకున్నాను. లోటు దొరకలేదు గానీ పాతాళం బాగా వంటబట్టింది. మన యముడికి దున్నపోతూ పాశమూ ఉంటే, వాళ్ళ యముడు రథం మీద వస్తాడు. పూలు కోసుకుంటున్న పిల్లను ఎత్తుకుపోయి పట్టపురాణిని చేసుకుంటాడు. రోమన్లు తమ రాతి శవపేటికల మీద ఆ రథాన్నే మళ్ళీ మళ్ళీ చెక్కారు, పిల్ల చేతి పూలబుట్ట ఒలికిపోతూ ఉంటుంది. వైతరణి దాటడానికి మనకు ఆవు తోక దిక్కు. వాళ్ళకు పడవ ఉంది. సమాధుల దగ్గర పెట్టే తెల్లటి నూనె కూజాల మీద ఆ పడవవాడు రెల్లు గడ్డిలో గెడ పట్టుకుని నిలబడి, రా అన్నట్టు చెయ్యి చాపుతాడు. పోయినవాళ్ళు గట్టు మీద తటపటాయిస్తుంటారు. చుట్టూ ఈగలంత ప్రాణాలు రెక్కలు కట్టుకుని ఎగురుతుంటాయి.

ఇంకొక బొమ్మ ఉంది. చచ్చిపోయిన పెళ్ళాం కోసం ఒక పాటగాడు పాతాళానికి వెళ్తాడు. వెనక్కి తిరిగి చూడకుండా పైకి నడిస్తే ఆమె వెంట వస్తుందని షరతు. చూస్తాడు. ఆమె పోతుంది. వకుళ దగ్గర ఈ బొమ్మకు ఎన్ని నకళ్ళో. ఆ తర్వాతి కథ ఒక్కదాన్లోనూ లేదు. పైకి వచ్చాక అతను ఇంకే ఆడదాని ముఖమూ చూడలేదనీ, ఆ ఊరి ఆడవాళ్ళు కోపంతో అతన్ని ముక్కలు చేశారనీ ఒక పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంది. చదివిన అందరూ ఆ పాటగాడి కోసం ఏడుస్తారు. నాకు ఆ ఆడవాళ్ళ మీదే జాలేసింది.

మా ఆయన ఫణీంద్ర భౌతిక శాస్త్రవేత్త. విశాఖలో కొండ మీద మా ప్రయోగశాల. నేను అందులో సున్నం మనిషిని. పాత గోడలు, గచ్చులు, పూతలు చేత్తో తడిమి వాటి వయసూ జబ్బూ చెప్పడం నా పని. మా పరిచయం అక్కడే, పెళ్ళీ అక్కడి వాళ్ళు చేసిందే. ఆయన ఏళ్ళ తరబడి ఒక యంత్రం మీద పనిచేస్తున్నారు. మేం దానికి పెట్టిన పేరు తిరుగువెలుగు.

చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం తలుపులు మూసిన గదిలో, చెక్క రంధ్రంలోంచి వీధిలో పోయే సైకిలు గోడ మీద తలకిందులుగా నడవడం చూడని వాళ్ళెవరు? అలాంటి బొమ్మ తడి సున్నం మీద పడితే సున్నం దాన్ని తాగుతుందని ఆయన కనిపెట్టారు. ఆరుతున్న సున్నం పైన సన్నటి పొర కడుతుంది. ఆ పొరలో వెలుగు చిక్కుకుంటుంది. తర్వాత ఎండ తగిలితే అంతా చెరిగిపోతుంది. తగలకుండా చీకట్లో మూసి ఉంచితే ఎన్ని వందల ఏళ్ళైనా ఉంటుంది. మెల్లగా వేడి చేస్తే తాగిన వెలుగును సున్నం తిరిగి కక్కుతుంది. ఒక్కసారే. కక్కేశాక పొర చచ్చిపోయి, దాని మీది రంగుతో సహా గోడ పిండిపిండిగా రాలిపోతుంది.

ఈ సంగతి ఆయనకు ఎలా తట్టిందని విలేకరులు అడిగితే, ఏదో తట్టింది అనేవారు. ఆ 'ఏదో' మా ఇంట్లో తాళం వేసిన గదే అని నాకు ఎప్పుడో అర్థమైంది. లోకమంతా మెచ్చుకున్న ఆ యంత్రం వకుళ కోసం పుట్టింది. దానికి సున్నం పాళ్ళు చెప్పింది నేను. సవతికి నా చేత్తో నేనే గాజులు తొడిగినట్టయింది.

ఆ ఏడు వానలు తగ్గాక ఇటలీ దక్షిణాన్నుంచి ఒక సమాధి రాళ్ళు వచ్చాయి. ఒకప్పుడు గ్రీకులు వచ్చి స్థిరపడిన నేల అది. పలకల్లాంటి రాళ్ళతో పెట్టెలా కట్టి, లోపలి వైపు సున్నం పూసి, అది తడిగా ఉండగానే బొమ్మలు వేసి, శవాన్ని పడుకోబెట్టి మూసేసేవారు. ఇది ఎవరూ తెరవని సమాధి. నల్ల గుడ్డల్లో చుట్టిన ఆ రాళ్ళతో పాటు లుచియా అనే ఆవిడ వచ్చింది. వాటి సంరక్షణ ఆవిడ ఉద్యోగం. ఒక్క రాయిని చదవడానికి, అంటే వేడి చేసి అది తాగిన వెలుగును రాబట్టడానికి, వాళ్ళ ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ రాయి మీది బొమ్మ పోతుందని తెలిసే సంతకం పెట్టానని, పెట్టిన దగ్గర్నుంచి నిద్ర లేదని ఆవిడ నాతో అంది.

ఎర్ర దీపం కింద గుడ్డలు విప్పాం. అంత మసక వెలుగులోనూ బొమ్మ కళ్ళకు కట్టింది. పడవ. అందులో తెడ్డు పట్టుకున్నది కూజాల మీది పడవవాడు కాదు, రెక్కలున్న ఆడమనిషి. పోయినావిడ మేలిముసుగు సర్దుకుంటూ ఒక కాలు పడవ పలక మీద పెట్టింది. రెండో కాలు ఇంకా గట్టు మీదే ఉంది. చేతి వాటంగా, తొందరగా వేసిన గీతలు. బయట జనం కాచుకుని ఉండగా వేసినవి. వకుళ ఉంటే ఈ రాయి ముందు ఎంతసేపు కూర్చునేదో అనుకున్నాను, ఆ ఊహ వచ్చినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

వేడి పలకను రాయి ముందు నిలిపి దీపం ఆర్పేశాం. ముందు ఏమీ లేదు. తర్వాత పాచిపట్టిన నీళ్ళలో వెన్నెల పడ్డట్టు రాయంతా పచ్చగా తెల్లబడింది. పడవ ఎటు పోయిందో, దాని స్థానంలో మనుషులు వచ్చారు. తలకిందులుగా. మూత రాయి దించుతూ కొంతసేపు సందు వదిలారు కాబోలు, ఆ సందులోంచి బయట నిలబడ్డవాళ్ళు లోపల పడ్డారు. కదిలిన వాళ్ళంతా ఆవిరిలా చెదిరిపోయారు. కదలకుండా నిలబడ్డవాళ్ళే మిగిలారు. ఒక మగమనిషి, తల మీద చెయ్యి పెట్టుకుని. అతని పక్కన ఒక ఆడమనిషి. నా మెడలో ఎప్పుడూ వేలాడే భూతద్దంతో చూశాను. ఆమె చంకలో పసిపిల్ల ఉంది, రెండో చెయ్యి అతని భుజం మీద ఉంది.

కాసిని ఊపిరుల సేపు ఉండి వెలుగు అణగారిపోయింది. కెమెరాలో బొమ్మ పడింది గనక దేశదేశాలా పండితులు దాని మీద పడ్డారు. చనిపోయినవాళ్ళ కోసం లోపల పాతాళం గీశారు, చివరికి గోడ దాచుకున్నది పైన మిగిలినవాళ్ళను అని లుచియా అంది. కళ్ళు తుడుచుకుంటూ అంది. మా ఆయన ఒక మూల నిలబడి ఏడుస్తున్నారు. ఆ తలమీద చెయ్యి పెట్టుకున్నవాడిలో తనను చూసుకుంటున్నారని నాకు తెలుసు. ఆ ఆడమనిషి ఎవరై ఉంటుందని చర్చ వచ్చింది. చెల్లెలన్నారు, దాసి అన్నారు. రెండో భార్య అన్నాను నేను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎవరో ఒకరు ఆ పసిపిల్లకు అన్నం పెట్టాలి కదా, ఆ మనిషిని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి కదా. అలాంటిదాన్ని కూజాల మీదా శవపేటికల మీదా ఎక్కడా వెయ్యలేదు.

వారం తిరక్కుండానే రాయి మీది పడవ, రెక్కల మనిషి, పోయినావిడ, అంతా పొడిగా రాలిపోయింది. లుచియా ఆ పొడిని సీసాలోకి ఎత్తుకుంది.

ఆ ఆదివారం నేను వంకాయలు తరుగుతుంటే ఆయన వంటగది గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వంటగది వైపు వచ్చారంటేనే ఏదో ఉందన్నమాట.

"మన గోడ చదువుదామనుకుంటున్నాను" అన్నారు.

మన గోడ. నేను ఉల్లిపాయలు తరగడం లేదు గనక కళ్ళు తుడుచుకోవడానికి సాకు లేదు.

గోడ రాలిపోతుందని ఆయనకు గుర్తు చేశాను. ఆమె వేసిన బొమ్మ ఇంకెక్కడా లేదనీ, అదీ పోతుందనీ అన్నాను. తెలుసన్నారు. కెమెరా పెడదామన్నాను. వద్దన్నారు.

"ఒక్కసారి చూడాలి ప్రమీలా. నా కళ్ళతో. అంతే. నువ్వు లేకుండా ఆ సున్నం వేడి ఎంత పట్టాలో నాకు తెలీదు."

అంటే నా సవతికీ నా మొగుడికీ కలయిక, మధ్యలో దీపం పట్టుకునేది నేను. సరే, గోడ చూసి చెబుతానన్నాను. అన్నం ఉడికే లోపు నా మనసు నూరు రకాలుగా పోయింది. గోడ అలాగే ఉంటే ఆ తాళం నా గుండెల మీద అలాగే ఉంటుంది. చదివితే గోడ పోతుంది, పీడ పోతుంది. కానీ ఆయన ఆమెను చూస్తారు. ఇన్నేళ్ళ తర్వాత, కొత్తగా, సజీవమైన వెలుగులో చూస్తారు. చూసిన కళ్ళతో మళ్ళీ నన్నేం చూస్తారు? ఈ ఇంట్లో నాకున్న చోటు ఎంతో, అసలు ఉందో లేదో, ఆ ఒక్క చూపుతో తేలిపోతుంది.

మర్నాడు ఆయన ప్రయోగశాలకు వెళ్ళాక ఎర్ర దీపం పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాను. మొదటిసారి. కిటికీకి లోపలి వైపు మందపాటి దుప్పటి మేకులతో బిగించి ఉంది. ఎదుటి గోడ నిండా వకుళ పాతాళం. పడవ ఉంది, రెల్లు ఉంది, ఎత్తుకుపోయే రథం ఉంది, చిల్లు కుండలో నీళ్ళు పోసే ఆడవాళ్ళు ఉన్నారు. బాగుంది. బాగాలేదని అనడానికి చాలాసేపు వెతికాను, దొరకలేదు.

పడవ ఎక్కుతున్న మనిషికి మాత్రం ముఖం లేదు. మెడ దాకా వేసి ఉంది. పైన చాటంత మేర ఉత్త సున్నం. ఒక పూటలో ఎంత బొమ్మ వెయ్యగలరో అంత మేరే తడి సున్నం మెత్తుకుంటారు ఈ పనిలో. అంటే ఆ తెల్లవారుజామున ముఖం వెయ్యడానికి సున్నం మెత్తి, వెయ్యకుండానే పోయింది. గోడలో మిగతాదంతా అప్పటికే ఆరిపోయింది గనక వెలుగు తాగిన చోటు ఆ చాటంతే. వేలితో తాకి, వేలు నాలిక మీద పెట్టుకున్నాను. బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం. మన పాత తాపీవాళ్ళ పద్ధతి. ఆ సున్నం ఆలస్యంగా ఆరుతుంది, ఆ రోజు సాయంత్రం దాకా తడిగానే ఉండి ఉంటుంది. మహాతల్లికి సున్నం కూడా తెలుసు.

దుప్పటి అంచు నా చేతికి అందేంత దూరంలో ఉంది. బయట ఎండ కాస్తోంది. ఒక్క లాగు లాగితే చాలు, ఆ చాటంతా వట్టి సున్నమైపోతుంది. మేకు ఊడిందంటే ఎవరూ కాదనరు. అంచు పట్టుకున్నాను కూడా. పట్టుకుని నిలబడి ఆలోచించాను. ఇన్నాళ్ళూ చూడని గదే ఇంత చేసింది నన్ను. చూడబోయి చూడలేకపోయిన ముఖం ఆయన్నేం చేస్తుంది? వకుళ అందం అప్పుడు చారెడుతో ఆగదు, చెరువంతవుతుంది. అదేదో చూడనీ, చూసి తేల్చుకోనీ అనుకున్నాను. మంచితనం కాదది. అసూయకే తెలివి వచ్చింది.

వేడి పట్టొచ్చని ఆయనకు చెప్పాను. ఆ చాటంత మేరకే పొర ఉందనీ చెప్పాను. ముఖం ఉండాల్సిన చోట అని నేను చెప్పినప్పుడు ఆయన తలుపు చెక్క పట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం తలుపులు మూసుకున్నాం. పలక అమర్చాం. నేను ఒక చేత్తో వేడి చూస్తున్నాను, రెండో చేతిలో భూతద్దం. దీపం ఆర్పేశాను. చీకట్లో ఆయన ఊపిరి వినిపిస్తోంది. సున్నం మీద మొదటి మసక కదలగానే ఆ ఊపిరి ఆగింది.

"నా వల్ల కాదు" అన్నారు. "ప్రమీలా, నువ్వు చూడు."

తిరిగి చూస్తే ఆయన గోడ వైపు వీపు తిప్పేశారు. రెండు చేతులూ కళ్ళ మీద ఉన్నాయి. తిట్టడానికి వ్యవధి లేదు, వెలుగు వచ్చేస్తోంది. సరే, చూడాల్సిన వాడు చూడకపోతే సవతి చూడాలి. వంగాను.

ముఖం ఉండాల్సిన చోట మా ముంగిలి తలకిందులుగా వేలాడుతోంది. కిటికీ చెక్కలో ఎక్కడో రంధ్రం ఉండి ఉంటుంది. మల్లె పందిరి కింద వైపుంది. వచ్చీపోయే జనమంతా చెదిరి, అన్నం మీద ఆవిరిలా ఉన్నారు. వాళ్ళ మధ్య చాప మీద వకుళ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ కదలనిది ఆమె ఒక్కతే గనక గీత గీసినంత స్పష్టంగా ఉంది. వేలంత మనిషి. భూతద్దంలో ముఖం తెలిసింది, జడలో పూలు తెలిశాయి, దుప్పటిలోంచి బయటికి వచ్చిన కుడి పాదం తెలిసింది.

ఆమె పక్కన ఆయన కోసం వెతికాను. అదే కదా నేను ఇన్నేళ్ళూ కుళ్ళి చచ్చిన దృశ్యం. చాప పక్కన ఎవరూ లేరు. ఉన్నది ఒక నల్లటి ఆకారం, కత్తెరతో కత్తిరించినట్టు. సున్నం అక్కడ వెలుగు తాగలేదేమో, మచ్చేమో అనుకున్నాను. భూతద్దం దగ్గరికి పెట్టాను. మచ్చ కాదు. భుజాలు, రెండు భుజాల మధ్యకు వంగిపోయిన తల, ఒక పక్కకు పొడుచుకొచ్చిన కుడి చెవి. ఆ చెవి నాకు తెలియనిది కాదు.

మనిషిని పోల్చుకున్నాను గానీ, ఆ ఆకారంలో తేడా ఏమిటో ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత తెలిసింది. పందిరి తలకిందులు, జనం తలకిందులు, వకుళ తలకిందులు. ఆ ఆకారం ఒక్కటే నిటారుగా ఉంది. బయటిదంతా తిరగబడి లోపలికి వస్తే, తిరగబడనిది బయటిది కాదు. అది లోపల కూర్చున్న మనిషి నీడ. ఆయన ముంగిట్లో లేరు. చాప పక్కన లేరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ గదిలో, తలుపులు మూసుకుని, ఈ గోడ ముందు తల వంచుకుని కూర్చున్నారు. కదలకుండా కూర్చున్నారు, నీడ గోడకు పట్టేంతగా.

వెలుగు తగ్గింది. ఇంకా తగ్గింది. పాదం పోయింది, పూలు పోయాయి, చిట్టచివర ముఖం పోయింది. గదిలో మళ్ళీ చీకటి.

"ఉందా?" అన్నారు ఆయన, వెనక్కి తిరక్కుండానే.

ఆ క్షణాన నా చేతిలో ఎంత ఉందో నాకు బాగా తెలుసు. చెదిరిపోయింది, ఏమీ తెలియలేదు అంటే సరిపోతుంది. ఆమెను చూసిన వాళ్ళలో ఆఖరి మనిషిని నేను. నేను ఏం చెబితే అదే వకుళ. పళ్ళు నూరుకుంటూనే నిజం చెప్పాను.

"ఉంది. ముఖాన పసుపు బాగా మెత్తారు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. కుడి పాదం దుప్పటి బయటికి వచ్చింది, ఎవరూ సర్దలేదు." భూతద్దం దించాను. "పెద్ద అందగత్తె ఏం కాదు."

ఆయన నుంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వని తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆ మాట తనే అనేది" అన్నారు, నవ్వు ఏడుపులోకి జారింది. చీకట్లో తడుముకుంటూ గోడ వారగా కూలబడ్డారు. నేనూ పక్కన కూర్చున్నాను.

"మీరూ ఉన్నారు అందులో" అన్నాను. "ఆవిడ పక్కనే పడింది మీ నీడ. చెవి చూసి పోల్చుకున్నాను."

తర్వాత మెల్లగా చెప్పారు. సున్నం చెమ్మ ఆరిపోకుండా కిటికీ వేసెయ్యమని వకుళ రోజూ పురమాయించేదట. ఆమెను ముంగిట్లోకి మోసుకెళ్ళాక, ఇంకేం చెయ్యాలో తెలియక, వెళ్ళి కిటికీ వేశారట. వేసి తిరిగేసరికి తడి గోడ మీద తలకిందులుగా ఆమె కనిపించింది. బయటికి వెళ్ళి చూడలేరు, ఇక్కడా తల ఎత్తలేరు. వదిన వచ్చి ఎన్నిసార్లు తలుపు కొట్టిందో. ఆఖరి చూపు చూడమన్నారట.

"చూడలేదు ప్రమీలా. సాయంత్రం నన్ను శ్మశానానికి లాక్కుపోయారు. అన్నీ చేశాను. నిప్పు పెట్టేటప్పుడు కూడా కళ్ళు మూసుకునే ఉన్నాను. ఇంటికొచ్చి ఆ కిటికీకి దుప్పటి కొట్టేశాను. ఇవాళైనా చూద్దామనుకున్నాను."

ఇన్నేళ్ళూ నేను గొప్ప ప్రేమని కుళ్ళుకున్నదానిలో ప్రేమ ఎంతో, భయం ఎంతో ఆ చీకట్లో విడదీయలేకపోయాను. అయినా అసూయ పూర్తిగా చావలేదు. చూడకపోతేనేం, కదలకుండా కూర్చున్నాడు కదా అని ఒక మూల పీకుతూనే ఉంది. నా మీద బెంగతో గోడకు నీడ పట్టించే మొగుడు నాకెక్కడ?

అనుకున్నట్టే గోడ రాలింది. ముందు చాటంత ముఖం, పలక వేడి తగిలి పడవ, తర్వాత రెల్లు, ఆ తర్వాత రథం. దాచిపెట్టడానికి సీసా తీసుకురానా అని అడిగితే ఆయన వద్దన్నారు. దుప్పటి పీకేశాను, కిటికీ తెరిచాను. గది నిండా ఎండ. ఆయన చేట పట్టుకుంటే నేను చీపురుతో పొడి ఊడ్చి ఎత్తుతున్నాను. అలా ఊడుస్తూ ఊడుస్తూ, ఇంకా అడగకుండా ఉండడం నా వల్ల కాలేదు.

"నేను పోతే? అప్పుడూ ఇలాగే ఏదో గదిలో తలుపేసుకుని కూర్చుంటారా?"

ఆయన చేట కింద పెట్టారు. ముక్కు మీద సున్నం, జుట్టులో సున్నం. ఠక్కున చెప్పేస్తే నమ్మేదాన్ని కాదు. చాలాసేపు నా ముఖంలోకి చూశారు.

"లేదు" అన్నారు. "నీ దగ్గరే కూర్చుంటాను. నిన్ను చూస్తూ కూర్చుంటాను."

ఆ మాట నిలబెట్టుకుంటారో లేదో చూడడానికి నేను ఉండను. ఉండకపోతేనేం. వకుళకు చెప్పిన మాట కాదది. నాకు చెప్పింది.